ఇరవై రెండు చూపిస్తోంది సార్

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో సెకండ్ హ్యాండ్ సోలార్ ప్లేటు కొనడం పాత స్కూటరు కొనడం లాంటిదే, కాకపోతే కిక్కు కొట్టి చూసే వీలు లేదు. స్కూటరైతే సందు చివరిదాకా ఒక రౌండు వేసి రావచ్చు. చప్పుడు విని, పొగ చూసి బేరం తగ్గించవచ్చు. ప్లేటుకు చప్పుడుండదు, పొగ రాదు. నల్లగా, బుద్ధిమంతుడిలా గోడకు ఆనుకుని ఉంటుంది. దుకాణంలో కుర్రాడు దాన్ని బయటికి తెచ్చి ఎండకు చూపించి, పసుపురంగు మీటరు వైర్లు తగిలించి, "చూడండి సార్, ఇరవై రెండు చూపిస్తోంది" అంటాడు. మనం తల ఊపుతాం. ఇరవై రెండంటే ఏమిటో, ఎంతుండాలో అడగం. అడిగితే మనకు తెలియదని వాడికి తెలిసిపోతుంది.

నేనూ అడగలేదు. ఫిబ్రవరిలో ఒక 50 వాట్ల ప్లేటు ఆటోలో వేసుకుని పద్మారావునగర్‌లోని ఇంటికి తెచ్చాను. మేడ మీద పెట్టి, చిన్న బ్యాటరీ నింపి, రాత్రిళ్లు మెట్ల దగ్గర లైటు వేసుకుందామని ఆశ. మూడు రోజులు ఎండలో పెట్టినా బ్యాటరీ నిండలేదు. లైటు అరగంట వెలిగి కళ్లు మూసేది. మీటరు పెట్టి చూస్తే మాత్రం ఎప్పుడూ ఇరవై దగ్గరే. సరేనని మూడు నెలలు మూలన పెట్టాను. మన ఇళ్లలో అదీ ఒక రిపేరు పద్ధతే.

దుకాణంవాడు అబద్ధమాడలేదు. మీటరూ ఆడలేదు. చిక్కంతా 'కరెంటు' అనే మాటలో ఉంది. కరెంటు పోయింది, కరెంటు బిల్లు వచ్చింది, కరెంటు కొట్టింది, కరెంటాఫీసుకు వెళ్లొచ్చాను: తెలుగులో అన్నిటికీ అదొక్కటే. నిజానికి ఆ మాటకు అర్థం ప్రవాహం. దాన్ని ఆంపియర్లలో కొలుస్తారు. కుర్రాడు చూపించింది ప్రవాహం కాదు, వోల్టులు. అంటే తోసే బలం. రెండింటికీ తేడా తెలియాలంటే మేడ మీది ట్యాంకును, కింద నల్లాను తలచుకుంటే చాలు. నల్లా కట్టేసి ఉన్నప్పుడు పైపులో ఒత్తిడి ట్యాంకు ఎత్తును బట్టి ఉంటుంది. పైపులో ముప్పాతిక వంతు తుప్పు పట్టి పూడిపోయినా ఆ ఒత్తిడి తగ్గదు, ఎందుకంటే నీళ్లు కదలడం లేదు. నల్లా తిప్పి బకెట్ పెట్టినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. మీటరును వోల్టుల మీద పెట్టి ప్లేటుకు తగిలించడమంటే, కట్టేసిన నల్లాను చూసి నీళ్లు బాగా వస్తాయని చెప్పడం. వోల్టుల మీద ఉన్న మీటరు ప్లేటు నుంచి దాదాపు ఏమీ తీసుకోదు. ఏమీ అడగనివాడికి అందరూ మంచివాళ్లే.

ఇంకో సంగతి. వోల్టేజీ వెలుతురును కూడా పెద్దగా పట్టించుకోదు. ఎండ పదో వంతుకు పడిపోయిందనుకోండి, ఇలాంటి ప్లేటు 22 నుంచి ఏ 20కో దిగుతుంది. ఆంపియర్లు మాత్రం అచ్చంగా పదో వంతుకు పడిపోతాయి. అందుకే ముసురు పట్టిన ఆషాఢంలో కూడా మీటరు ఇరవై చూపించి మన మనసు సంతోషపెడుతుంది, బ్యాటరీ మాత్రం ఖాళీగా ఉంటుంది.

1954 ఏప్రిల్ 25న అమెరికాలో బెల్ లేబొరేటరీస్ వాళ్లు సిలికాన్ సోలార్ సెల్లును మొదటిసారి లోకానికి చూపించారు. చేపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు తయారుచేసిన సరుకు. పడిన ఎండలో సుమారు 6 శాతాన్ని విద్యుత్తుగా మార్చేది. ఇప్పటి ప్లేట్లు 20 దాటాయి. ఆ రోజు వాళ్లు విలేకరుల ముందు మీటరు పట్టుకుని నిలబడలేదు. బొమ్మ జెయింట్ వీల్ ఒకటి పెట్టి, దాన్ని ఆ సెల్లులతో తిప్పి చూపించారు. రాణీగంజ్ కుర్రాడి కంటే నిజాయితీగల పద్ధతి. జాతరలో రంగులరాట్నం తిరిగితే తిరిగినట్టు, లేకపోతే లేనట్టు.

సరే, మన ఇంట్లో ఏమున్నాయి? ముందు అందరూ తీసేది టెస్టరు, అదే చివర లైటు వెలిగే స్క్రూడ్రైవరు. దాన్ని పెట్టెలో పెట్టేయండి. అందులోని నియాన్ బుడ్డి వెలగాలంటే 60 వోల్టులకు పైగా కావాలి. ఇరవై వోల్టుల ప్లేటు ముందు అది నోరు మెదపదు. దాని మాట నమ్మితే లోకంలోని చిన్న ప్లేట్లన్నీ చచ్చినవే.

కావలసినవి ఇవీ: రెండొందల రూపాయల చుట్టుపక్కల దొరికే పసుపు మీటరు, పిల్లల స్కేలు, ఒక పెన్ను, మందపాటి దుప్పటి, అట్టముక్క, ప్లస్సు గుర్తు స్క్రూడ్రైవరు. వేళ్లు మీవే.

వేళ్లతో మొదలుపెడదాం. ప్లేటు మీద గళ్లు లెక్కపెట్టండి. ఒక్కో గడి ఒక సెల్లు, ఒక్కోటి 0.6 వోల్టుల చిల్లర ఇస్తుంది. అన్నీ వరసగా ఒకదాని తోకకు ఒకటి కట్టి ఉంటాయి. 36 గళ్లుంటే 36 ఇంటూ 0.6, అంటే ఇరవై రెండుకు దగ్గర. అదీ మన ఇరవై రెండు రహస్యం. 12 వోల్టుల ప్లేటు అని అమ్మేది ఇదే. బ్యాటరీని నింపాలంటే బ్యాటరీ కంటే ఎత్తులో ఉండాలి కాబట్టి ఆ ఎక్కువ. 72 గళ్ల పెద్ద ప్లేటైతే 45 దాకా వస్తుంది. ఇప్పుడు వస్తున్న సగం కోసిన సెల్లుల ప్లేట్లలో 144 గళ్లు కనిపిస్తాయి. కంగారు పడి రెట్టింపు చేయకండి. వాటిని రెండు భాగాలుగా పక్కపక్కన కలుపుతారు, కాబట్టి 72 కిందే లెక్క.

ఇప్పుడు స్కేలు. ఒక గడి పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో కొలిచి గుణించండి. మంచి ఎండలో ఒక్కో చదరపు సెంటీమీటరుకు 30 నుంచి 40 మిల్లీ ఆంపియర్లు రావాలి, పాతవాటికి తక్కువ, కొత్తవాటికి ఎక్కువ. నా ప్లేటులో గడి 15.6 ఇంటూ 5.2. అంటే 81 చదరపు సెంటీమీటర్లు. 36 మిల్లీ ఆంపియర్ల లెక్కన 2.9 ఆంపియర్లు. వెనక అంటించిన చీటీలో ఉన్నది 3.0. చీటీ చిరిగిపోయినా, ఎవరో 50 మీద 80 అని కొత్త చీటీ అంటించినా, స్కేలు ముందు ఆ ఆటలు సాగవు. వరసగా కట్టిన సెల్లుల్లో వోల్టులు కలుస్తాయి, ఆంపియర్లు కలవవు. అందుకే గళ్ల సంఖ్య వోల్టులు చెబుతుంది, గడి సైజు ఆంపియర్లు చెబుతుంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే దుకాణంలో సగం బేరం గెలిచినట్టే.

చీటీ మీది అంకెలు ఎక్కడివంటే, ఫ్యాక్టరీలో ప్లేటు 25 డిగ్రీల దగ్గర ఉండగా, చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు వేసి కొలిచినవి. మన ఊళ్లో ఆ రెండూ ఒకేసారి కుదరడం కష్టం. వెయ్యి వాట్ల ఎండ వచ్చే వేళకు ప్లేటు అట్లపెనం అయి ఉంటుంది. గాలి 40 డిగ్రీలుంటే ఎండలో ఉన్న ప్లేటు 65, 70 దాకా వేడెక్కుతుంది. వేడెక్కే ప్రతి డిగ్రీకీ వోల్టేజీ సుమారు 0.3 శాతం తగ్గుతుంది. నా ప్లేటు చీటీ మీద 22.5 వోల్టులుంది. మే నెల మధ్యాహ్నం మా మేడ మీద చూపించింది 19.6. ఇది జబ్బు కాదు, ఎండాకాలం. మరి దుకాణంలో ఇరవై రెండెలా వచ్చిందంటారా? ఫిబ్రవరిలో, నీడలోంచి అప్పుడే బయటికి తెచ్చిన చల్లటి ప్లేటది. పెళ్లిచూపుల్లో అందరూ చల్లగానే ఉంటారు.

పరీక్షకు వేళ కూడా చూసుకోవాలి. సికింద్రాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. కాబట్టి సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా మన మాడు మీదికి వస్తాడు: మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. నీడ లేని రోజులని పేపర్లో వేస్తారు. మే నెలలో ఆ క్షణం 12 గంటల 12 నిమిషాలకు వస్తుంది, ఆగస్టులో ఇంకో పది నిమిషాలు ఆలస్యంగా. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, మనం 78.5 దగ్గరున్నాం, అందుకే మన మధ్యాహ్నం పన్నెండుకు రాదు. ఆ రోజుల్లో ప్లేటును గచ్చు మీద పడుకోబెడితే చాలు, సూర్యుడికి ఎదురుగా ఉన్నట్టే. మిగతా రోజుల్లో పెన్ను వాడాలి. ప్లేటు అద్దం మీద పెన్నును నిటారుగా నిలబెట్టండి. నీడ ఎటు పడుతోందో చూసి, ప్లేటు కింద ఇటుకలు పెడుతూ, నీడ పెన్ను కిందికి పోయి మాయమయ్యేదాకా వంచండి. అప్పుడు ప్లేటు సూర్యుడి కళ్లలోకి చూస్తున్నట్టు. ఇది చేయకుండా కొలిస్తే ప్లేటు తప్పో మన తప్పో తేలదు. 60 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటే పడే ఎండ సగమే.

నేను మే మొదటి వారంలో పరీక్ష పెట్టుకున్నాను, శాస్త్రం కోసం కొంత, ఇటుకలు మోసే పని తప్పుతుందని ఎక్కువ.

ఇక ఆంపియర్లు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. ప్లేటు రెండు వైర్లనూ నేరుగా కలిపేస్తే, అంటే షార్ట్ చేస్తే, ఎంత ప్రవహిస్తుందో చూడటమే పరీక్ష. బ్యాటరీని ఇలా షార్ట్ చేస్తే వైర్లు ఎర్రగా కాలి, బ్యాటరీ పేలే ప్రమాదముంది. గోడ ప్లగ్గును చేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. సోలార్ ప్లేటు స్వభావం వేరు. పడిన ఎండను బట్టి ఇచ్చేది ఇస్తుంది, షార్ట్ చేసినా అంతకు మించి ఇవ్వదు. నెలజీతగాడి లాంటిది. చెయ్యి మెలిపెట్టినా ఒకటో తారీకు జీతం కంటే జేబులో ఉండదు. అందుకే ఒక్క ప్లేటును కాసేపు షార్ట్ చేస్తే దానికేమీ కాదు.

కానీ పద్ధతి ప్రకారం చేయాలి. పసుపు మీటరుకు మూడు బొక్కలుంటాయి. నల్లవైరు కింది బొక్కలోనే. ఎర్రవైరును మధ్య బొక్కలోంచి తీసి పైన విడిగా ఉన్న 10 ఆంపియర్ల బొక్కలో పెట్టాలి, చక్రాన్నీ అక్కడికే తిప్పాలి. ఆ బొక్క పక్కన అన్‌ఫ్యూజ్‌డ్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంటే లోపల కాపాడేవాడెవడూ లేడని. ముందు ప్లేటు మీద దుప్పటి కప్పండి. చీకట్లో వైర్లు తగిలించండి. తర్వాత దుప్పటి తీసి, అంకె చూసి, పది సెకన్లలో మళ్లీ కప్పి, అప్పుడు వైర్లు ఊడదీయండి. ఎండలో నడుస్తుండగా వైరు పీకితే నిప్పురవ్వ లేస్తుంది. ఇంట్లో వచ్చే ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి పోతుంది కాబట్టి రవ్వ దానంతటదే ఆరిపోతుంది. ప్లేటు నుంచి వచ్చే డీసీకి ఆ అలవాటు లేదు. ఒకసారి రవ్వ అంటుకుంటే సాగుతూనే ఉంటుంది.

పని అయ్యాక ఎర్రవైరును తిరిగి మధ్య బొక్కలో పెట్టడం మరచిపోకండి. మరచిపోయి, అదే మీటరుతో గోడ ప్లగ్గులో వోల్టేజీ చూద్దామని పెడితే ఇల్లంతా షార్ట్. మా ఇంట్లో మొదటి మీటరు అలాగే పోయింది. ఎంసీబీ పడిపోయి సీరియల్ సగంలో ఆగిపోవడంతో మీటరు కంటే నాకే ఎక్కువ నష్టం జరిగింది.

నా ప్లేటుకు వచ్చింది 0.9 ఆంపియర్లు. ఉండాల్సింది మూడుకు దగ్గర. అదే నిమిషంలో వోల్టేజీ 19.6, నిండు ఆరోగ్యం. నల్లా తిప్పాం, బకెట్లో చుక్కలు పడుతున్నాయి.

ఇలాంటప్పుడు అనుమానించాల్సినవి మూడు. మొదటిది దుమ్ము. చుట్టుపక్కల ఎక్కడో అపార్ట్‌మెంటు లేస్తూనే ఉంటుంది, పావురాలు ఎటూ ఉన్నాయి. కడగాలి, కాకపోతే పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు. మధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు కొడితే పగలొచ్చు. బోరు నీళ్లతో కడిగి అలాగే ఆరనిస్తే తెల్లటి పొర మిగులుతుంది. నీళ్ల ఫిల్టరు నుంచి వచ్చే వేస్టు నీళ్లు పారబోయడం ఎందుకని దాంతో కడిగే పొదుపరులున్నారు. ఫిల్టరు వడగట్టిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. అంతకంటే దుమ్మే నయం. వాననీళ్లు పట్టి ఉంచుకుంటే మేలు, లేకపోతే కడిగిన వెంటనే మెత్తటి బట్టతో తుడవాలి. నేను కడిగాక 0.9 అన్నది 0.9గానే ఉంది.

రెండోది ఏదో ఒక సెల్లు చెడటం. సెల్లులు బంతిభోజనంలో కూర్చున్నవాళ్ల లాంటివి. ఒక్కడి విస్తట్లో ఇంకా ఉంటే మిగతావాళ్లు లేవకూడదు. వరసలో అన్నిటికంటే బలహీనమైన సెల్లు ఎంత ప్రవాహం ఇస్తే అందరిదీ అంతే. ఒక్క సెల్లు మీద రావి ఆకు పడితే ప్లేటంతా కుదేలయ్యేది అందుకే. దీనికి విరుగుడుగా చాలా ప్లేట్ల వెనక బైపాస్ డయోడ్లు పెడతారు. ఒక గుంపులో సెల్లు మొరాయిస్తే ప్రవాహం ఆ గుంపును వదిలి పక్కదారిన పోతుంది. 36 గళ్ల ప్లేట్లలో సాధారణంగా రెండు, పెద్దవాటిలో మూడు. ఇప్పుడు అట్టముక్క పనికొస్తుంది. ఆంపియర్లు చూస్తూ ఒక్కో గడిని అట్టతో మూయండి. డయోడ్లు బాగుంటే అంకె అంతగా మారదు. లేకపోతే సున్నా వైపు జారిపోతుంది. డయోడే షార్టయిపోయిన ప్లేటుకు ఇంకో గుర్తుంది: వోల్టేజీలో లెక్కగా ఒక ముక్క మాయమవుతుంది. 22 రావాల్సినచోట 11, 45 రావాల్సినచోట 30. దగ్గర్లో పిడుగు పడిన తర్వాత ఇలా జరగడం ఉంది. ఎండ వల్లో దుమ్ము వల్లో ఎప్పుడూ సరిగ్గా సగం, సరిగ్గా మూడో వంతు తగ్గదు. అంత లెక్కగా తగ్గిందంటే డయోడ్ల వైపు చూడండి. నా ప్లేటుకు ఈ జబ్బూ లేదు.

మిగిలింది వెనక ఉన్న నల్లటి ప్లాస్టిక్ పెట్టె. సెల్లుల నుంచి వచ్చే సన్నటి రేకులు, బయటికి వెళ్లే లావు వైర్లు కలిసేది అందులోనే. ప్లేటును దుప్పటి మీద బోర్లించాను. అద్దం కిందికి పోయింది కాబట్టి వేరే చీకటి అక్కర్లేదు. మూత నాలుగు స్క్రూలు తీశాను. లోపల రెండు బల్లిగుడ్ల పెంకులు, చచ్చి ఎండిన చీమల బారు, మూత రబ్బరు పగిలినచోట మట్టిచారలు. ఒక స్క్రూ తళతళా ఉంది. రెండో దాని కింద పాత రాగిచెంబుకు పట్టినట్టు పచ్చటి చిలుము, చుట్టూ ప్లాస్టిక్ కాస్త గోధుమరంగుకు తిరిగి ఉంది. రావాల్సిన విద్యుత్తు ఇన్నాళ్లూ అక్కడ వేడిగా మారుతోందన్నమాట. వైరును వేలితో కదిపితే స్క్రూ కింద గిరగిరా తిరిగింది.

కింద నుంచి మా అమ్మ చింతపండు పంపిస్తానంది. చెంబుకైతే సరే గానీ ఇక్కడ తడి, పులుపు రెండూ కొత్త చిలుముకు విత్తనాలు. ఎమరీ పేపరు ముక్కతో స్క్రూనూ వైరు కొసనూ రాగి మెరిసేదాకా రుద్ది, వైరు కొత్తగా ఒలిచి, బిగించాను. పగిలిన రబ్బరు చుట్టూ సిలికాన్ పేస్టు పూసి మూత వేశాను. మొత్తం ఇరవై నిమిషాలు, అందులో పది నిమిషాలు కింద పడిన స్క్రూ కోసం వెతకడం.

మళ్లీ దుప్పటి, మళ్లీ మీటరు. 2.5 ఆంపియర్లు. వోల్టులు? 19.6. అంతకుముందూ 19.6, ఇప్పుడూ 19.6. ఇంత జరిగినా దానికి ఏమీ పట్టలేదు. మూడుకు బదులు రెండున్నరే ఎందుకంటే, మే నెలలో ఊరి మీద ఉండే ధూళితెరలోంచి వెయ్యి వాట్లు పూర్తిగా దిగవు, పైగా ప్లేటు పాతది. ఏటా అర శాతానికి కాస్త అటూఇటూ తగ్గడం దాని వయసుకు సహజం. కొత్తవాటికి కూడా 25 ఏళ్ల తర్వాత 80 శాతానికి తగ్గకుండా ఉంటుందనే కంపెనీలు హామీ ఇస్తాయి. మనకు అంత గట్టి హామీ ఎవరూ ఇవ్వలేదు.

మీటరు మీద నమ్మకం లేనివాళ్లు బెల్ లేబొరేటరీస్ దారిలో బల్బు పెట్టి చూడొచ్చు. స్కూటర్ హెడ్‌లైటు బల్బు, 12 వోల్టులు 35 వాట్లది, ఈ 50 వాట్ల ప్లేటుకు సరిజోడు. నిండు ఎండలో కళ్లు చెదిరేలా వెలుగుతుంది. కానీ జోడీ కుదరకపోతే బల్బు అన్యాయంగా తీర్పు చెబుతుంది. అదే ప్లేటుకు కారు బల్బు 60 వాట్లది పెడితే, దానికి కావాల్సిన 5 ఆంపియర్లు ప్లేటు దగ్గర లేవు కాబట్టి ఎర్రగా మిణుకుమంటుంది. పాపం మంచి ప్లేటును చెడ్డదని తిరిగి ఇచ్చేస్తారు. 35 వాట్ల బల్బు కూడా ఎండ ఒక నలభై శాతం తగ్గితే ఒక్కసారిగా డీలా పడుతుంది. బల్బు ఉందో లేదో చెబుతుంది గానీ ఎంతుందో చెప్పదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా విడిగా ఉన్న ఒక చిన్న ప్లేటు గురించి. ఇంటి కప్పు మీద బిగించిన మూడు కిలోవాట్ల సోలార్ దగ్గరికి ఈ పసుపు మీటరు పట్టుకుని వెళ్లకండి. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుండటంతో కాలనీల్లో మేడ మీద మేడ నీలంగా మారుతోంది. అక్కడ 540 వాట్ల ప్లేట్లు ఆరు వరసగా కలిపి ఉంటే దాదాపు 300 వోల్టుల డీసీ. ఒక్కో ప్లేటు 14 ఆంపియర్ల దాకా ఇస్తుంది, పది ఆంపియర్ల మీటరుకు అది మించిన పని. దానికి తగిన మనిషి, తగిన క్లాంపు మీటరు ఉండాలి.

ఇంటివాళ్లు చేయగలిగిన పరీక్ష వేరే ఉంది, కాగితం, పెన్సిలుతో. మన దగ్గర కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్ల చుట్టుపక్కల వస్తాయి. మూడు కిలోవాట్లకు 12. అయితే ఆ అంకె కరెంటు బిల్లులో వెతకొద్దు. బిల్లులో ఉండేది గ్రిడ్డు నుంచి మనం తీసుకున్నదీ గ్రిడ్డుకు మనం పంపిందీ మాత్రమే. పగలు ఏసీ వేసుకుని మనమే వాడేసింది అందులో కనపడదు. ప్లేట్లు ఎంత ఇచ్చాయో ఇన్వర్టరు మీది అంకె చెబుతుంది, నెలనెలా ఒకటో తారీకున రాసుకోండి. పోలిక నిరుటి ఇదే నెలతో పెట్టాలి. మేతో జులైని పోలిస్తే ఏ ప్లేటైనా చెడిపోయినట్టే ఉంటుంది. మబ్బుకు ఎవరేం చేస్తారు?

ఇంకో ఫిర్యాదు తరచూ వింటాం: "కరెంటు పోయినప్పుడు మా సోలార్ కూడా పనిచేయట్లేదండీ, మోసం చేశారు." బ్యాటరీ లేని గ్రిడ్డు సోలార్ తీరే అంత. వీధిలో కరెంటు పోయిందని తెలియగానే ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోవాలి. లేకపోతే లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన మేడ మీది నుంచి షాకు వెళుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తుండగా ఇంట్లో ఫ్యాను ఆగిపోతే మండుతుంది, నిజమే. కానీ అప్పుడు అది చెడిపోలేదు, చేయాల్సిన పనే చేస్తోంది.

ప్లేట్లకు మన ఊరు కొత్తేమీ కాదు. 1995లో ప్రీమియర్ సోలార్‌గా మొదలై, ప్రీమియర్ ఎనర్జీస్ పేరుతో 2024 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్టుకెక్కిన కంపెనీ హైదరాబాద్‌దే. అంటే ముప్పై ఏళ్లుగా ఇక్కడ ప్లేట్లు తయారవుతున్నాయి. పాతబడినవి మెల్లగా రాణీగంజ్ చేరుతున్నాయి, ముందు ముందు ఇంకా చేరతాయి.

మొన్న రెండో ప్లేటు కోసం మళ్లీ అక్కడికే వెళ్లాను, జేబులో స్కేలుతో. గళ్లు లెక్కపెట్టి, కొలిచి, వెనక పెట్టె మూత రబ్బరు వేలితో నొక్కి చూశాను. కుర్రాడు మీటరు తగిలించి, "ఇరవై ఒకటిన్నర చూపిస్తోంది సార్" అన్నాడు. ఎర్రవైరు తీసి పైన పది ఆంపియర్ల బొక్కలో పెట్టమన్నాను. వాడు మీటరును ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు.

"ఆ బొక్క పనిచెయ్యదు సార్. ఎప్పుడో కాలిపోయింది."